బోర్డింగ్ బడి హౌస్ పుస్తకాలనూ ప్రార్థనా మందిర రిజిస్టర్లనూ భద్రపరిచే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో క్రైస్తవ మిషన్లు నడిపిన బోర్డింగ్ బడుల బీరువాల్లో రెండు రకాల పుస్తకాలు ఉంటాయి. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, హాజరు పట్టీ మొదటి రకం. వాటిని తనిఖీ అధికారులు అడుగుతారు, పుట్టిన తేదీ రుజువు కోసం పూర్వ విద్యార్థులు వెతుక్కుంటూ వస్తారు, కాబట్టి అవి ఎలాగో నిలిచి ఉంటాయి. హౌస్ (పిల్లల వసతి భవనం లేదా జట్టు) డైరీలు, రోల్ కాల్ పుస్తకాలు, ప్రార్థనా మందిరంలో ప్రతి ఆదివారం రాసిన రిజిస్టర్లు, గాయక బృందం జాబితాలు రెండో రకం. వీటిని అడిగేవారు అరుదు. వార్డెను బదిలీ అయినప్పుడో, గదులకు వెల్ల వేయించినప్పుడో ఇవి మూటలుగా పాత పేపర్ల బండి ఎక్కుతాయి. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు ఏ గదిలో పడుకున్నాడో, ఎవరితో కలిసి ఆడాడో, జ్వరం వస్తే ఎన్నాళ్లు మంచం పట్టాడో, క్రిస్మస్ రాత్రి ఏ పాట పాడాడో చెప్పే సాక్ష్యం మాత్రం ఈ రెండో రకం పుస్తకాల్లోనే ఉంటుంది.

బడి ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు, పాస్టర్లు, కాన్వెంటు సిస్టర్లు, పూర్వ విద్యార్థుల సంఘాలవారు వీటిని భద్రపరిచే పని తామే చేసుకోవచ్చు. ఇందుకు పెద్ద మొత్తాలు అవసరం లేదు. ఓపిక, క్రమం, ఒక బీరువా, ఇద్దరు ముగ్గురు నమ్మకమైన మనుషులు చాలు. అయితే మొదటి రోజు నుంచీ ఒక నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. హౌస్ పుస్తకాలను ఆటల విభాగానికీ, మందిరం పుస్తకాలను చర్చికీ పంచేసి, అవి రెండు వేర్వేరు లోకాలైనట్టు చూడకూడదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే పిల్లవాడి ఒకే రోజు. పొద్దున రోల్ కాల్‌లో పేరు పలికినవాడే సాయంత్రం ప్రార్థనలో వాక్యం చదివాడు. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి సరిచూసే వీలు కల్పించినప్పుడే భద్రపరచడానికి అర్థం ఉంటుంది.

ఏమేం వెతకాలి, ఎక్కడ వెతకాలి

ముందుగా మీ బడిలో హౌస్ అంటే ఏమిటో తేల్చుకోండి. కొన్ని బడుల్లో హౌస్ అంటే పిల్లలు నిజంగా నివసించే భవనం. దానికి హౌస్ మాస్టరు, మేట్రన్, కెప్టెన్, పడక వరుసలు ఉంటాయి. విజయనగరం ప్రాంతంవారికి 1962లో కోరుకొండ ప్యాలెస్‌లో ప్రారంభమైన సైనిక్ స్కూలు ద్వారా ఈ పద్ధతి బాగా పరిచితం. మరికొన్ని బడుల్లో, ముఖ్యంగా ఇంటి నుంచి వచ్చే పిల్లలూ బోర్డింగు పిల్లలూ కలిసి చదివే చోట్ల, హౌస్ అన్నది పోటీల కోసం చేసిన జట్టు మాత్రమే. ఎరుపు, నీలం, పచ్చ, పసుపు రంగుల పేర్లతోనో, పునీతుల పేర్లతోనో, పాత మిషనరీల పేర్లతోనో పిలుస్తారు. మొదటి పద్ధతిలో రోల్ కాల్ పుస్తకం, మెస్ పుస్తకం, జబ్బు పడినవారి పట్టిక, శిక్షల పుస్తకం, సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించుకున్న పుస్తకం దొరుకుతాయి. రెండో పద్ధతిలో దొరికేవి ఆటల పోటీల పాయింట్ల పట్టికలు, కప్పులు, కెప్టెన్ల పేర్లు రాసిన చెక్క పలకలు, బృంద ఫొటోలు. ఒకే బడి ఒక కాలంలో మొదటి పద్ధతినీ, వసతి తగ్గిపోయాక రెండో పద్ధతినీ అనుసరించి ఉండవచ్చు. అప్పుడు అదే హౌస్ పేరు రెండు కాలాల్లో రెండు అర్థాల్లో కనిపిస్తుంది కనుక, ఏ సంవత్సరం దాకా ఏ పద్ధతి నడిచిందో ఒక కాగితం మీద రాసి పెట్టెలోనే ఉంచాలి. హౌస్ పేర్లు మారిన సందర్భాలనూ ఆ కాగితం మీదే నమోదు చేయాలి.

మందిరం వైపు దొరికేవి చర్చి సంప్రదాయాన్ని బట్టి మారతాయి. బాప్టిస్టు బోర్డింగుల్లో ఆరాధన రిజిస్టరు, ప్రసంగీకుల వరుస పట్టిక, సండే స్కూలు హాజరు, కానుకల లెక్క, ప్రభురాత్రి భోజనంలో పాలుపొందినవారి జాబితా ఉంటాయి. కతోలిక కాన్వెంట్లలో దివ్యబలిపూజ ఎవరి కోరికపై అర్పించారో రాసుకున్న పుస్తకం, ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకున్న పిల్లల జాబితా, నొవేనా (తొమ్మిది రోజుల ప్రార్థనలు) కార్యక్రమాలు, పాలక పునీతుల పండుగ ఖర్చులు కనిపిస్తాయి. ఎక్కువమంది పట్టించుకోని కాగితాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. మంచి శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచి మాట్లాడించే ఆచారం మన చర్చిల్లో ఉంది. బడిలో ఆ ఏడుగురిలో పెద్ద తరగతుల విద్యార్థులకూ చోటిచ్చి ఉంటే ఆ చీటీ ఒక తరం నాయకుల జాబితా అవుతుంది. కోత పండుగ నాడు వచ్చిన వడ్లు, కొబ్బరికాయలు, కోళ్లు, గుమ్మడికాయల వేలంపాట లెక్కలో ఊళ్ల పేర్లూ, ఆ ఏడాది పంట తీరూ దొరుకుతాయి. క్రిస్మస్ కేరల్స్‌కు ఏ రాత్రి ఏ వీధికి వెళ్లాలో రాసుకున్న చీటీలో హౌసుల వారీగా పిల్లల పేర్లు ఉండవచ్చు. సైక్లోస్టైల్ తీసిన కార్యక్రమ పత్రాలను ఒక్కటి కూడా పారేయకండి. ఆదివారం పాడిన కీర్తనల సంఖ్యలు, వాక్యం చదివినవారి పేర్లు మరెక్కడా ఉండకపోవచ్చు.

ఇవన్నీ ఒకే చోట దొరకవు. ఆఫీసు బీరువాతో మొదలుపెట్టి, మందిరంలో హార్మోనియం పెట్టె, బల్ల సొరుగులు, పాస్టరు గారి ఇల్లు, మేట్రన్ గది, వంటశాల అటక, ఆట సామాను గది వరుసగా చూడండి. పదవీ విరమణ చేసిన వార్డెన్ల ఇళ్లలో కొన్ని పుస్తకాలు మంచి ఉద్దేశంతోనే దాచి ఉంటాయి. వారిని నిందించే మాట ఒక్కటి కూడా రాకుండా అడిగి, తిరిగి ఇచ్చినందుకు బడి తరఫున రసీదు రాసివ్వడం మర్యాద, అవసరం కూడా.

తాకడానికి ముందు

ఎవరి అనుమతితో ఈ పని చేస్తున్నారో రాతపూర్వకంగా ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు తరచూ వస్తుంది. బడి ఆవరణలోనే మందిరం ఉన్నా, అందులోని బాప్తిస్మ, వివాహ, మరణ రిజిస్టర్లు బడి ఆస్తి కాకపోవచ్చు. కతోలిక చర్చి చట్టం ప్రకారం జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లు విచారణకు, అంటే స్థానిక పారిష్‌కు, చెందుతాయి, వాటి బాధ్యత విచారణ గురువుది. బాప్టిస్టు సంఘాల్లో అవి స్థానిక సంఘానివి. కాబట్టి అసలు పుస్తకాలను వాటి స్థానంలోనే ఉంచి, అనుమతితో తీసిన ఫొటో ప్రతులను మాత్రమే బడి సేకరణలో చేర్చుకోవాలి. ఆరాధన రిజిస్టరు, గాయక బృందం పుస్తకం వంటి వాటిపై ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుని, ఎక్కడ ఉంచాలో నిర్ణయించి సంతకాలు చేసుకోవడం మంచిది.

అనుమతి దొరకగానే పుస్తకాలను కిందికి దించి తేదీల ప్రకారం పేర్చాలన్న తొందర కలుగుతుంది. ఆ తొందరను ఆపుకోండి. ముందు బీరువా తలుపు తెరిచి, ప్రతి అరనూ ఉన్నది ఉన్నట్టుగా ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ పుస్తకం పక్కన ఏది ఉందో, ఏ రిజిస్టరు మధ్యలో ఏ ఉత్తరం మడిచి ఉందో అదే ఒక సమాచారం. శిక్షల పుస్తకంలో ఒక తండ్రి ఉత్తరం దొరికితే, ఆ ఉత్తరాన్ని తీసి ఉత్తరాల దొంతరలో కలిపేసిన మరుక్షణం అది ఎందుకు రాశారో తెలిసే దారి మూసుకుపోతుంది. ఎవరు రాశారో వారి కాగితాలను వారి పేరు మీదే, వారు పెట్టుకున్న వరుసలోనే ఉంచడం ప్రపంచవ్యాప్తంగా ఆర్కైవులు (పాత పత్రాలను భద్రపరిచే సంస్థలు) పాటించే మూల సూత్రం. దాని ప్రకారం ప్రతి హౌస్‌కు ఒక వరుస, మందిరానికి ఒక వరుస, మేట్రన్‌కు ఒక వరుస ఉంటాయి. వాటిని కలిపి అంశాల వారీగా తిరగరాయడం తర్వాత సూచికలో చేసే పని, అరల మీద చేసే పని కాదు.

ఒక గట్టి అట్ట పుస్తకాన్ని చేర్పు రిజిస్టరుగా పెట్టుకోండి. ఏ తేదీన, ఎవరి దగ్గర నుంచి, ఏ స్థితిలో, ఎన్ని పుస్తకాలు వచ్చాయి, తిరిగి ఇవ్వాల్సినవా శాశ్వతంగా ఇచ్చినవా అన్నది వచ్చిన రోజే రాయాలి. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, మెత్తని పెన్సిలుతో లోపలి అట్ట మూలన చిన్నగా రాయాలి. పెన్ను, స్టాంపు, అంటించే చీటీలు వాడకూడదు.

చెద, చెమ్మ, తుపాను

మన ప్రాంతంలో కాగితానికి శత్రువులు బయటే కాచుకుని ఉంటాయి. సముద్రపు గాలి, ఎర్రమట్టిలోని చెద, అక్టోబరు నెల మూడూ కలిసి చేసే నష్టం మరే కారణమూ చేయదు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన జిల్లాల బడుల పైకప్పులనూ కిటికీలనూ ఎలా పరీక్షించాయో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. నాగావళి, వంశధార పొంగితే నేల అంతస్తు గదుల్లోకి నీరు వస్తుంది. గాలి వీస్తే పై అంతస్తు రేకులు లేస్తాయి. అందువల్ల రెండంతస్తుల భవనం ఉంటే, మొదటి అంతస్తులో కాంక్రీటు కప్పు కింద, లోపలి గోడ వైపు ఉన్న గదిని ఎంచుకోవాలి. ఒకటే అంతస్తు ఉంటే నేల నుంచి కనీసం రెండడుగుల ఎత్తున్న దిమ్మ మీద బీరువా పెట్టాలి. బాత్రూమ్ గోడకూ, నీళ్ల ట్యాంకు కిందికీ ఎన్నడూ చేర్చకూడదు.

చెక్క బీరువా కన్నా ఇనుప బీరువా మేలు, కానీ దానికీ ఒక దోషం ఉంది: మూసిపెడితే లోపల చెమ్మ నిలుస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే కొనసాగితే బూజు పడుతుంది. తక్కువ ఖరీదులో దొరికే తేమ కొలిచే మీటరు ఒకటి బీరువాలో ఉంచి, పొడిగా ఉన్న రోజుల్లో వారానికి ఒకసారైనా తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. వాన పడుతున్న రోజు మాత్రం తీయవద్దు. గోడకూ బీరువాకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి; చెద గోడ మీద మట్టి బాట వేసుకుంటే ఆ ఖాళీ వల్లనే కనిపిస్తుంది. ఎండిన వేపాకును గుడ్డ సంచిలో కట్టి అరల మూలల్లో పెట్టే అలవాటు మంచిదే, కానీ పచ్చి ఆకును పేజీల మధ్య పెడితే మరకలు పడతాయి. కలరా ఉండలు మనుషుల ఊపిరికి మంచివి కావు, పైగా ఉండలు వేశామన్న ధీమాతో తనిఖీ మానేస్తారు.

పురుగు పట్టిన పుస్తకం దొరికితే దాన్ని మిగతావాటితో కలపకుండా, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకుండా, గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగాలి. లేకపోతే కాగితం మీద నీరు పేరుకుంటుంది. గాజు పలకల మీది పాత నెగటివ్‌లకు ఈ పద్ధతి వాడకూడదు. బూజు పట్టిన పుస్తకాలను ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట నీడలో, మెత్తని కుంచెతో మీ నుంచి దూరంగా దులపాలి.

తుపానులో పుస్తకాలు తడిస్తే మొదటి 48 గంటలే కీలకం. ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ఎండలో పరచడం మనకు వెంటనే తోచే ఉపాయం గానీ, ఎండ సిరాను వెలిసిపోయేలా చేస్తుంది, అట్టలను వంకరలు తిప్పుతుంది. ఫ్యాను గాలిలో, నీడలో, పుస్తకాన్ని నిలువుగా కొద్దిగా తెరిచి నిలబెట్టి, పేజీల మధ్య తెల్లని బ్లాటింగు కాగితమో అచ్చులేని కాగితమో పెట్టి మారుస్తూ ఆరబెట్టాలి. పాత వార్తాపత్రికలు పెడితే వాటి సిరా అంటుతుంది. ఫౌంటెన్ పెన్ను నీలి సిరా నీటిలో కరిగిపోతుంది కనుక అలాంటి పేజీలను ముందుగా చూడాలి. ఇంకా పాత రిజిస్టర్లలో కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన సిరా ఉంటుంది. అది నీటికి నిలిచినా, కాలక్రమాన కాగితాన్నే తినేస్తుంది, అక్షరం ఉన్న చోట చిల్లు పడుతుంది. అలాంటి పేజీలను వేలితో తిప్పక, కింద ఒక కాగితం ఆసరా ఇచ్చి తిప్పాలి, అందరికన్నా ముందు వాటినే ఫొటో తీయాలి. తడిసి ఒకదానికొకటి అంటుకున్న ఫొటోలను లాగి విడదీయకండి. చల్లని మంచినీటిలో కాసేపు ఉంచితే చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు, స్టేపుల్ పిన్నులు నెమ్మదిగా తీసేయండి. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకండి, ల్యామినేషన్ అసలే చేయించకండి. ల్యామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ విడిపించడం దాదాపు అసాధ్యం, లోపలి ఆమ్లం అలాగే ఉండి కాగితాన్ని తింటూనే ఉంటుంది. చిరిగినదాన్ని చిరిగినట్టే ఒక తెల్ల కాగితపు మడతలో పెట్టి, దాని మీద సంఖ్య రాస్తే సరిపోతుంది. ఆమ్లం లేని కాగితపు పెట్టెలు కొనగలిగితే కొనండి. లేకపోతే రంగు వేయని, గంజి పెట్టని, బాగా ఉతికిన నూలు గుడ్డలో పుస్తకాన్ని చుట్టి, నాడాతో వదులుగా కట్టండి. మన పెద్దలు తాళపత్రాలను గుడ్డలో కట్టి కాపాడినది ఈ పద్ధతిలోనే, అది ఈనాటికీ పనికొస్తుంది. గంజి మాత్రం పురుగులకు ఆహారం అని మరవకండి.

సూచిక తయారు చేయడం

ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ కోరేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ సూచిక. ప్రతి పుస్తకానికీ శీర్షిక, రాసినవారి హోదా, మొదటి తేదీ, చివరి తేదీ, పేజీల సంఖ్య, భాష, స్థితి, అందులో ఏముందో రెండు మూడు వాక్యాలు రాయాలి. పుస్తకం మీద శీర్షిక లేకపోతే మీరు పెట్టిన శీర్షికను చదరపు కుండలీకరణాల్లో రాస్తే అది మీదని తెలుస్తుంది.

తేదీల విషయంలో హౌస్ పుస్తకం, మందిరం పుస్తకం ఒకే లెక్కన నడవవు. హౌస్ పుస్తకం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. మందిరం లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా ఉండవచ్చు. కతోలిక ఆరాధన సంవత్సరం క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు మొదలవుతుంది. కాబట్టి కేవలం సంవత్సరం రాసి ఊరుకోకుండా, నెలతో సహా రాయాలి. 1957 ఏప్రిల్ 1కి ముందరి కానుకల లెక్కలు రూపాయలు, అణాలు, పైలలో ఉంటాయి. వాటిని నేటి పైసల్లోకి మార్చి రాయకండి, ఉన్నది ఉన్నట్టే ఎక్కించండి. అలాగే పాత జాబితాల్లో ఫోర్త్ ఫారం అంటే నేటి తొమ్మిదో తరగతి, సిక్స్త్ ఫారం అంటే ఎస్సెస్సెల్సీ పరీక్ష రాసే పదకొండో తరగతి. ఇది సూచిక మొదటి పేజీలోనే వివరిస్తే కొత్తగా చదివేవారు తడబడరు.

పేర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మన ప్రాంతంలో ఒకే తరగతిలో ముగ్గురు అప్పలస్వాములు, ఇద్దరు సింహాచలాలు, నలుగురు పైడిరాజులు ఉండటం మామూలే. హౌస్ మాస్టరు ఇంటిపేరు పొడి అక్షరంతో వేరుచేసి రాస్తే, మందిరం రిజిస్టరు రాసిన పాస్టరు ఊరి పేరుతో వేరుచేసి రాసి ఉంటారు. పైగా బాప్తిస్మం తీసుకున్న తర్వాత ఆ అప్పలస్వామి మందిరం పుస్తకంలో ప్రకాశమో, దేవదానమో అవుతాడు, బడి రిజిస్టరులో మాత్రం అప్పలస్వామిగానే మిగులుతాడు. ఈ ఇద్దరూ ఒకరేనని తేల్చాలంటే కనీసం రెండు ఆధారాలు కావాలి: ఊరు, తండ్రి పేరు, తరగతి, హౌస్ వీటిలో రెండైనా కలవాలి. కలిస్తే రెండు పేర్లనూ ఒకే సూచిక చీటీ మీద రాసి, ఏ ఆధారంతో కలిపారో కూడా రాయాలి. కలవకపోతే ఊహతో కలపకుండా, రెండు చీటీలూ విడిగా ఉంచి, ఒకదానిలో ఇంకొకదాన్ని చూడమని సూచన పెట్టాలి. హౌస్ పుస్తకాన్నీ మందిరం పుస్తకాన్నీ కలిపి ఉంచాలని మొదటే చెప్పింది ఇందుకే. ఈ పని ఒక పుస్తకంతో ఎన్నటికీ జరగదు.

ఇంకొక విషయం. బాప్టిస్టు సంప్రదాయంలో శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు, విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్న వయసులో నీటిలో ముంచి ఇస్తారు. అందువల్ల వసతి గృహంలోని పెద్ద పిల్లలు ఒకే రోజు గుంపుగా బాప్తిస్మం తీసుకున్న జాబితాలు కనిపిస్తాయి. కతోలిక కుటుంబాల పిల్లలకు పసితనంలోనే జ్ఞానస్నానం జరుగుతుంది, అది వారి సొంత ఊరి విచారణలో నమోదై ఉంటుంది. ఈ తేడా తెలియక బాప్తిస్మ తేదీ నుంచి వయసు లెక్కగడితే సూచిక అంతా తప్పుల తడక అవుతుంది.

సూచికను కంప్యూటరులో ఎక్కించేటప్పుడు యూనికోడ్ తెలుగులోనే టైపు చేయండి. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో చేయించిన ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో సరిగా కనిపించవు, కనిపించినా అందులో తెలుగు పేరు వెతకడం కష్టం. సోవనీరు (జ్ఞాపక సంచిక) కోసం అచ్చు వేయించినా సరే, మూల ఫైలు యూనికోడ్‌లో ఉండాలని ముందే మాట్లాడుకోండి.

ఫొటో ప్రతులు

పుస్తకాన్ని నొక్కి మూతపెట్టే స్కానరు మీద పాత రిజిస్టర్లను పెట్టకండి, కుట్లు తెగుతాయి. పైనుంచి ఫొటో తీసే స్టాండు, రెండు పక్కల సమానమైన వెలుతురు ఉంటే మంచి కెమెరా గల ఫోనైనా పనికొస్తుంది. రాతకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న ఫొటోలకు 600 డీపీఐ ఉండాలి. మూల ప్రతిని టిఫ్ (నాణ్యత తగ్గని ఫొటో ఫైలు) రూపంలో దాచి, వాడకానికి పీడీఎఫ్ ఇవ్వండి. ఖాళీ పేజీలను కూడా తీయండి, లేకపోతే మధ్యలో పేజీ పోయిందో లేదో తర్వాత ఎవరికీ తెలియదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. శ్రీకాకుళంలో రెండు, విజయనగరంలో ఒకటి ఉంచితే కాస్త మేలే గానీ, ఒకే తుపాను రెండు ఊళ్లనూ తాకుతుంది కాబట్టి మూడోది హైదరాబాదులోనో క్లౌడ్‌లోనో ఉండటం మంచిది.

బృంద ఫొటోల్లోని ముఖాలను గుర్తించే పని వాయిదా వేయకండి. పెద్ద ప్రతి తీయించి, దాని మీద పల్చని కాగితం పరిచి, ఒక్కొక్క ముఖానికీ సంఖ్య వేసి, పూర్వ విద్యార్థుల సమావేశం రోజున పెద్దవారి ముందు పెట్టండి. ఎవరు ఎవరిని గుర్తించారో కూడా రాసుకోండి, ఎందుకంటే ఒకే ముఖానికి ఇద్దరు రెండు వేర్వేరు పేర్లు చెప్పడం జరుగుతుంది. అదే రోజు వారి జ్ఞాపకాలను రికార్డు చేయదలిస్తే, బడి ఎలా ఉండేదని అడగకుండా, హౌస్ పుస్తకంలోని ఒక పేజీ చూపించి అడగండి. పేజీ కళ్ల ముందుంటే మాట వివరంగా వస్తుంది. రికార్డును ఎక్కడెక్కడ వాడవచ్చో వారి సంతకంతో అనుమతి తీసుకోవాలి.

ఎవరికి ఏది చూపించాలి

ఇవన్నీ పిల్లల కాగితాలు. శిక్షల పుస్తకం, జబ్బుల పట్టిక, ఫీజు మాఫీ అర్జీలు, కులం గడి, మతం మార్పు వివరాలు బతికి ఉన్న మనుషులను బాధపెట్టగలవు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకోవడమే కాక, చట్టం అడగకపోయినా పాటించవలసిన మర్యాద ఒకటి ఉంది. కెప్టెన్ల జాబితా, పోటీల ఫలితాలు, క్రిస్మస్ కార్యక్రమాలు, గాయక బృందం ఫొటోలు అందరికీ చూపవచ్చు. శిక్షలు, జబ్బులు, ఫీజులు, కులం వంటి వివరాలున్న పుస్తకాలను సంబంధిత వ్యక్తి జీవించి ఉన్నంతకాలం ఆయనకో ఆమెకో తప్ప ఇతరులకు ఇవ్వకూడదని నా అభిప్రాయం. పరిశోధకులు వస్తే పేర్లు మరుగుపరిచిన ప్రతిని ఇవ్వవచ్చు. బాప్తిస్మ వివరాలకు చర్చి అనుమతి వేరుగా ఉండాలి. ఈ నియమాలన్నీ ఒక పేజీలో రాసి, యాజమాన్యం ఆమోదించి, బీరువా తలుపు లోపలి వైపు అంటించాలి. సామాజిక మాధ్యమాల్లో పాత రిజిస్టరు పేజీల ఫొటోలు పెట్టడాన్ని మొదటి నుంచే ఆపాలి. సరదాగా పెట్టిన ఒక పేజీలో ఇంకొకరి దుఃఖం ఉండవచ్చు.

బయట ఎక్కడ వెతకాలి

మీ బీరువాలో లేని సంవత్సరాలకు జవాబు బయట ఉండవచ్చు. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ పని 1805లో మొదలైంది. ఆ సొసైటీ ఉత్తరాలు, వార్షిక నివేదికలు లండన్‌లోని సోయాస్ (లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల) గ్రంథాలయంలో ఉన్నాయి. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని ప్రారంభించి తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం వంటి చోట్లకు విస్తరించారు. వారి కాగితాలకు కెనడాలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్న కెనడియన్ బాప్టిస్టు ఆర్కైవ్స్‌ను అడగాలి. కతోలికుల విషయంలో, 1993లో శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం మేత్రాసనం కింద ఉండేది కనుక, అంతకుముందరి సంగతులు అక్కడ విచారించాలి. ప్రభుత్వ గ్రాంటులకు సంబంధించిన మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఫైళ్లకు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

అక్కడ అడిగేటప్పుడు నాటి ఊరి పేర్లు, నాటి జిల్లాలు రాయడం తప్పనిసరి. శ్రీకాకుళాన్ని చికకోల్ అని, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అని రాసేవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 1920ల నాటి శ్రీకాకుళం బోర్డింగు గ్రాంటు ఉత్తరం విశాఖపట్నం కట్టలో వెతికితే దొరకదు. ఉత్తరం రాసేటప్పుడు ఒకే బడి, ఒకే దశాబ్దం, ఒకే ప్రశ్న ఉండేలా రాయండి. అన్నీ పంపమని అడిగితే జవాబు రాదు. మిషనరీల వార్షిక నివేదికల్లో బోర్డింగు పిల్లల సంఖ్య, మందిరం ప్రారంభం, వసతి భవనానికి విరాళాలు వంటివి దొరుకుతాయి. అయితే అవి విదేశాల్లోని దాతలకు రాసిన నివేదికలని గుర్తుంచుకుని, వాటిని మీ హౌస్ పుస్తకంతో సరిచూశాకే నమ్మాలి. రెండూ విభేదిస్తే, పిల్లల పేర్లున్న పుస్తకానికే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఏటా చేయాల్సిన పని

సెప్టెంబరు చివరి వారంలో, తుపానుల కాలానికి ముందు, ఒక రోజు ఈ బీరువాకు కేటాయించండి. చేర్పు రిజిస్టరు చూస్తూ ప్రతి వస్తువూ స్థానంలో ఉందో లేదో సరిచూసి, గోడల వెంట చెద బాటలు ఉన్నాయేమో టార్చితో చూసి, హార్డ్ డిస్కులు తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించి, ఫలితాన్ని తేదీతో రాసి సంతకం పెట్టాలి. మొన్న ముగిసిన విద్యా సంవత్సరపు హౌస్ పుస్తకాలు, మందిరం కార్యక్రమ పత్రాలు ఆ రోజే సేకరణలో చేర్చుకోవాలి; హౌస్ కెప్టెన్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుంటున్న జాబితాలను అచ్చు తీసి కలపాలి, లేదంటే ఈ తరం పిల్లల గురించి ఏమీ మిగలదు. వార్డెనుకో పాస్టరుకో బదిలీ వచ్చినప్పుడు, తాళాలతో పాటు ఈ సూచిక ప్రతినీ కొత్తవారికి అప్పగించి, ఇరువురి సంతకాలతో అప్పగింత పత్రం రాయించండి.